పొద్దుటిపూట అందని సిగ్నల్

నా మూలంగా ఒకావిడ పని పోయింది. ఈ మాటని ఇన్నేళ్లుగా రకరకాలుగా చెప్పుకుని చూశాను. కాంట్రాక్టర్ తీసేశాడు, నాదేముంది అని కొన్నాళ్లు అనుకున్నాను. ఆ రోజుల్లో వైర్‌లెస్ సంగతులు ఎవరికి తెలుసులే అని మరి కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. ఎటు తిప్పి చెప్పుకున్నా చివరికి తేలేది అదే. అందుకే మొదట్లోనే రాసి పెడుతున్నాను. చివర్లో రాద్దామని ఆగితే, అప్పటికి నా తెలివంతా ఖర్చుపెట్టి ఆ మాటని మెత్తబరిచేస్తానని నాకు భయం.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన భవనంలో నాలుగో అంతస్తులో మా ఆఫీసు. మొత్తం ఇరవై మందిమి. కిటికీలోంచి చూస్తే బండరాళ్లు, తుమ్మచెట్లు, మధ్యలో అక్కడక్కడా పునాదుల గుంటలు. రాళ్లు పేల్చే ముందు కిందనుంచి విజిల్ వేసేవాళ్లు. ఆ విజిల్ వినబడగానే మేమంతా కీబోర్డు వదిలేసి, కుదుపుకి ఒలక్కుండా టీ కప్పులు పట్టుకునేవాళ్లం. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. కొత్తగా పెళ్లయింది. మదీనాగూడలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని, అక్కణ్ణుంచి స్కూటర్ మీద దుమ్ము తింటూ వచ్చేవాణ్ణి. తల దువ్వుకుని బయలుదేరినవాణ్ణి ఆఫీసుకి చేరేసరికి పిండిమరలోంచి బయటికొచ్చినట్టు ఉండేవాణ్ణి.

మా అంతస్తు ఊడ్చి, తుడిచి, టీలు అందించి, భోజనాల గది చూసుకునే ఆవిడ పాలమూరు వైపు మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఆమె పేరు నాకు తెలుసు. రాయను. ఆమెని అడక్కుండా ఆమె గురించి ఒకసారి మాట్లాడాను, అది చాలు. ఈ భవనం కట్టేటప్పుడు ఆమె ఇక్కడే కూలిపని చేసిందట. ఒకరోజు నా టేబుల్ కింద తుడుస్తూ తనంతట తనే చెప్పింది.

“గీ గోడలు లేసినప్పుడు నేనున్న సార్ గీడ. ఇటుకలు మోసుకుంట గీ నాలుగో అంతస్తుకు ఎన్ని మార్లు ఎక్కిన్నో నాకే ఎరుకలే. గిప్పుడు సూడు, చెప్పులేసుకొని ఏసీల నడుస్తున్న.”

“మరి అక్కడ కూలి ఎక్కువ కదమ్మా?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

“ఎక్కువనే. నడుము పోయింది సార్. దవాఖానల డాక్టరమ్మ ఇగ బరువు ఎత్తితే మంచం మీదనే ఉంటవ్ అన్నది. గీ నీడపట్టు పని దొరికింది, బతికిపోయిన.”

నేను సరే అన్నట్టు తలూపి స్క్రీన్ వైపు తిరిగాను. ఆ పని ఆమెకి ఎంత అవసరమో ఆ రోజే నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

వానాకాలంలో భోజనాల గదికి చీమలు పట్టాయి. అప్పట్లో మేమంతా ఇంటినుంచి స్టీలు క్యారేజీలు తెచ్చుకునేవాళ్లం. పొద్దున్న రాగానే ఎవరి క్యారేజీ వాళ్లు ఆమె చేతికిచ్చేవాళ్లం, ఆమె వాటిని ఆ గదిలో గట్టు మీద వరసగా పెట్టేది. ఒక మధ్యాహ్నం నేను మూత తీసేసరికి పప్పన్నం నిండా ఎర్రచీమలు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మా ఆవిడ తెల్లవారుజామున లేచి వండిన అన్నం అది. ఇరవై మంది ముందు ఆమె మీద అరిచాను. గది గుమ్మం పక్కనే హాల్లో పాత ఫైళ్ల బీరువా ఒకటుండేది. దాని వైపు వేలు చూపించి, “రేపట్నుంచి అందరి క్యారేజీలూ ఆ బీరువా మీద పెట్టు. కింద కనపడ్డాయంటే ఊరుకోను,” అన్నాను.

“అట్లనే సార్,” అంది. మర్నాటి నుంచి స్టూలు వేసుకుని ఎక్కి ఒక్కొక్కటే పైన పెట్టేది. మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్లీ ఎక్కి దించేది. తిన్నాక క్యారేజీలు కడిగి గదిలోనే బోర్లించేది, సాయంత్రం ఎవరివి వాళ్లం తీసుకుపోయేవాళ్లం. చీమల బాధ తప్పింది. నన్ను అందరూ మెచ్చుకున్నారు కూడా.

సెప్టెంబరులో విదేశీ క్లయింటు ఒక పార్సిల్ పంపించాడు. వాళ్లకి పెద్ద పెద్ద గోడౌన్లున్నాయి. పనివాళ్లు లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గోడౌన్ అంతా తిరుగుతూ ఏ సరుకు ఎక్కడుందో అందులో ఎక్కించాలి. దానికి మేం ప్రోగ్రాం రాయాలి. లాప్‌టాప్‌కి తీగ ఉండకూడదు. పార్సిల్లో రెండు కార్డులు, ఒక పెట్టె వచ్చాయి. కార్డుని లాప్‌టాప్ పక్కనున్న సందులో దూరిస్తే నల్లటి బుడిపె ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. అదే యాంటెన్నా. పెట్టెకి ఒకపక్క ఆఫీసు నెట్‌వర్క్ తీగ తగిలిస్తారు. ఇక పెట్టె, కార్డు గాలిలోనే మాట్లాడుకుంటాయి. లాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి ఇదంతా నడిపించే పని నాకు అప్పగించారు. మా ఆఫీసులో లినక్స్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ గర్వం నాకు నిండా ఉండేది.

పెట్టెని ఎత్తులో ఉంచాలని దానితో వచ్చిన కాగితంలో రాసి ఉంది. హాల్లో అన్నిటికన్నా ఎత్తయినది ఆ బీరువానే, నెట్‌వర్క్ తీగ కూడా ఆ మూలకే వస్తుంది. స్టూలెక్కి దాన్ని గోడకి ఆనించి పెట్టింది నేనే. దిగాక ఆమెని పిలిచి, “ఇది చాలా ఖరీదైంది. ముట్టుకోవద్దు,” అని చెప్పాను.

మొదటి మధ్యాహ్నం బ్రహ్మాండంగా పనిచేసింది. లాప్‌టాప్ పట్టుకుని హాలంతా తిరిగాను. తీగ లేకుండా ఫైళ్లు రావడం చూసి జనం నా వెనకే తిరిగారు. మా మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. మర్నాడు పొద్దున్న చూస్తే నత్తనడక. పింగ్ అని ఒక ఆదేశం ఉంది. అవతలి యంత్రాన్ని “ఉన్నావా?” అని అడిగితే అది “ఉన్నాను” అని జవాబిస్తుంది. ఆ పొద్దున నా ప్రశ్నల్లో సగానికి జవాబే లేదు. వచ్చిన జవాబులు కూడా తీరిగ్గా ఆవలిస్తూ వచ్చినట్టు వచ్చాయి.

కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంలో లోపమనుకున్నాను. కొత్తది తెచ్చి కంపైల్ చేశాను. అది చాలక లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మొత్తం మళ్లీ కట్టాను. ఆ లాప్‌టాప్‌లో ఆ పని అయ్యేసరికి గంట దాటేది. మధ్యాహ్నం రెండింటికి పెట్టి చూస్తే చక్కగా నడిచింది. సమస్య తీరిందని మేనేజరుకి మెయిల్ పెట్టాను. మర్నాడు పొద్దున్న మళ్లీ మామూలే. ఈసారి సౌండ్ కార్డుకీ దీనికీ గొడవ పడుతోందేమోనని సౌండ్ కార్డుని మూసేశాను. మధ్యాహ్నానికి బాగైంది. మళ్లీ మెయిల్. మళ్లీ పొద్దున్నే పాడు. ఛానెల్ మార్చాను, కరెంటు ఆదా చేసే సదుపాయం తీసేశాను, రెండో కార్డు వేశాను, పక్కవాడి లాప్‌టాప్ లాక్కుని దాంట్లో వేశాను. పొద్దున్న ఏం చేసినా వృథా. మధ్యాహ్నం ఏం చేసినా, అదే అసలైన మందులా పనిచేసేది. తీరిందని నేను ఆరు మెయిళ్లు పెట్టాను. ఆరో మెయిలుకి మేనేజరు జవాబు రాయకుండా నా టేబుల్ దగ్గరికి వచ్చి, “క్లయింటు పొద్దున్న వస్తే ఏం చేద్దామండీ? భోజనం పెట్టి చూపిద్దామా?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లంతా మంట పుట్టింది.

ఆ రోజుల్లోనే, నాకు టీ ఇస్తూ ఆమె ఆగింది.

“సార్, గా పెట్టె మీద పచ్చదీపం ఉంటది సూడుండ్రి. పొద్దుగాల సరిగ కొట్టుకోదు. మీ తిండ్లకు డబ్బలు దించినంక జల్ది జల్ది కొట్టుకుంటది.”

నేను తలెత్తకుండానే, “దాన్ని ముట్టుకోవద్దన్నానా లేదా?” అన్నాను.

“ముట్టలే సార్. ఒట్టు. కండ్లకు కనవడ్డది, జెప్పిన గంతే.”

“చూడను కూడా అక్కర్లేదు. నీ పని నువ్వు చూసుకో.”

ఆమె టీ పెట్టేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ దీపం ఊసు ఎప్పుడూ ఎత్తలేదు.

చేతితో పరీక్షలు చేసి విసిగిపోయి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. నిమిషానికోసారి సిగ్నల్ బలం ఎంతుందో, ఎన్ని జవాబులు వచ్చాయో ఫైలులో రాసుకుంటూ పోతుంది. రెండు వారాల ఫైలుని కాగితాల మీద అచ్చు తీసి టేబుల్ మీద పరిచాను. రోజూ తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా పాడు, తర్వాత బాగు. వరసగా రెండు రోజులు మాత్రం పొద్దున్న కూడా బాగుంది. ఆ రెండు రోజులు ఏం జరిగిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. అప్పుడు తట్టింది. ఆ రెండు రోజులూ ఆమె రాలేదు. బతుకమ్మ పండక్కి ఊరెళ్లింది. ఆమెకి బదులు కింది అంతస్తు నుంచి ఎవరో వచ్చి ఊడ్చిపోయారు.

ఎర్ర పెన్నుతో ఆ రెండు రోజుల చుట్టూ గీత గీశాను. ఆమె లేనప్పుడు బాగుంది. ఉన్న ప్రతి రోజూ పొద్దున్న పాడైంది. నాకు ఇంకేం రుజువు కావాలి? పొద్దున్న తుడిచేటప్పుడు స్టూలెక్కి తడిగుడ్డతో పెట్టెని తుడుస్తోందనీ, తీగ లాగుతోందనీ తేల్చేసుకున్నాను. ఒక్క పొద్దునైనా లేచి వెళ్లి చూస్తే సరిపోయేది. బీరువా నా కుర్చీకి పదిహేను అడుగుల దూరంలో ఉంది. కాగితాలు నా చేతిలో ఉండగా లేవడమెందుకనిపించింది.

ఆఫీసు వ్యవహారాలు చూసే అడ్మిన్ ఆఫీసరు ఇక్కడివాడే, నెమ్మదస్తుడు. ఆయన గదికి వెళ్లి కాగితం చూపించాను. “ఊడ్చే ఆవిడ పొద్దున్న పూట ఆ పెట్టెని కదుపుతోందండి. క్లయింటు వచ్చేలోపు ఏదో ఒకటి చూడండి,” అన్నాను.

“ముట్టొద్దని చెప్పలేదా సార్?” అని అడిగాడు.

“చెప్పానండి. వినట్లేదు.”

మిగతా అంతా పొరపాటని ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు. ఆ చివరి మాట మాత్రం అబద్ధం. ఆమె వినకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్పిన ప్రతి పనీ చెప్పినట్టు చేసిన మనిషి ఆమె. నా మాట గట్టిగా నిలబడాలని ఆ ఒక్క మాట చేర్చాను, చేర్చినట్టు కూడా గమనించకుండా.

వేరే అంతస్తుకి మారుస్తారనుకున్నాను. మర్నాడు ఆమె కనపడలేదు. క్లయింటు సామాను పాడుచేసిందని, ఊడ్చేవాళ్లని పంపే కాంట్రాక్టర్ పనిలోంచే తీసేశాడని అడ్మిన్ ఆఫీసరు చెప్పాడు. “మీరు పరేషాన్ కాకుండ్రి సార్, వేరే మనిషిని పంపిండు,” అన్నాడు. అప్పుడు అడగాల్సింది, తీసేయడమెందుకండీ అని. లాప్‌టాప్ తెరిచి చూశాను. ఆ పొద్దున సిగ్నల్ నిక్షేపంలా ఉంది. ఇక అడగలేదు.

ఆమె స్థానంలో ఒక పెద్దాయన వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, స్టూలెక్కలేడు. క్యారేజీలన్నీ మళ్లీ భోజనాల గదిలో గట్టు మీదే పెట్టాడు. పది రోజులు పొద్దున్న, మధ్యాహ్నం తేడా లేకుండా సిగ్నల్ బాగుంది. మేనేజరు నా భుజం తట్టాడు. కారణం కనుక్కున్నానని ఏడో మెయిల్ పెట్టాను, అందులో ఆమె సంగతి కూడా రాశాను. ఇంగ్లీషులో రాస్తే ఎంత చెడ్డ మాటైనా మర్యాదగా కనపడుతుంది.

పదో రోజున ఎవరో పెళ్లి మిఠాయిలు తెచ్చి గట్టు మీద పెట్టారు. పదకొండో రోజుకి చీమలు తిరిగొచ్చాయి. పెద్దాయన ఎక్కలేడు కాబట్టి నేనే స్టూలు లాక్కుని, అందరి క్యారేజీలూ బీరువా మీద సర్దాను. ఖాళీ చోటు ఎక్కడుంటే అక్కడ, పెట్టె చుట్టూ, ముందూ పక్కలా, ఒకదాని మీద ఒకటి. మంచి పని చేశానన్న తృప్తితో చేతులు దులుపుకుని కుర్చీలో కూర్చున్నాను. తెర మీద పింగ్ నడుస్తోంది. జవాబులు రావడం ఆగిపోయింది.

బీరువా వైపు చూశాను. తర్వాత లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాకి ఎదురుగా ఉన్న టేబుల్ మీద పెట్టి, స్టూలెక్కి ఒక క్యారేజీ దించాను. తెర మీద సిగ్నల్ అంకె కాస్త కదిలింది. ఇంకోటి దించాను. ఇంకాస్త పెరిగింది. ఒక్కొక్కటే దించుతూ, ప్రతిసారీ తల తిప్పి అంకె చూస్తూ, నేలంతా క్యారేజీలు పరిచాను. నాది చివర్లో వచ్చింది. నాలుగు గిన్నెలది, మా అత్తగారు పెట్టింది, సరిగ్గా పెట్టె యాంటెన్నాకి ఎదురుగా ఉంది. అది దించగానే అంకె పూర్తిగా పైకి వెళ్లి నిలబడింది.

రేడియో తరంగాలకి లోహం అడ్డమని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ పేపర్లో నాకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు. క్యారేజీలు అక్కడ పెట్టమన్నది నేను. పెట్టె అక్కడ పెట్టింది నేను. ఆమె ఊరెళ్లిన రెండు రోజులూ బదులు వచ్చినవాళ్లు ఈ పెద్దాయనలాగే గట్టు మీద పెట్టి ఉంటారు. డబ్బాలు దించాక దీపం బాగా కొట్టుకుంటోందని ఆమె నాకు చెప్పింది. రెండు వారాలు ప్రోగ్రాం రాసి నేను తెలుసుకోలేనిది, చదువు రాని మనిషి కళ్లతో చూసి ఒక్క ముక్కలో చెప్పింది. నేను చూడొద్దన్నాను. స్టూలు మీదే కూలబడ్డాను. పెద్దాయన వచ్చి, “ఏమైంది బిడ్డా, కండ్లు తిరుగుతున్నయా?” అని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

అడ్మిన్ ఆఫీసరు గది దాకా వెళ్లాను. ఆయన ఫోన్లో ఉన్నాడు, కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. ఇప్పుడు నేను చెప్పాల్సినవి మనసులో వరసగా అనుకున్నాను. కారణం క్యారేజీలు. పెట్టించింది నేను. ఆమె వినట్లేదన్నది అబద్ధం. మొదటి రెండూ చెప్పగలననిపించింది, మూడోది నోటికి రాలేదు. క్లయింటు రావడానికి మూడు రోజులే ఉన్నాయి. మేనేజరు మళ్లీ ఏమంటాడో, జనం మళ్లీ ఎలా నవ్వుతారో కూడా తలపుకొచ్చింది. ఆయన ఫోన్ పెట్టేలోపు వెనక్కి వచ్చేశాను. క్లయింటు వచ్చి వెళ్లాక చెబుతానని నాకు నేనే వాయిదా ఇచ్చుకున్నాను.

రిపోర్టులో ఒక్క వాక్యం రాశాను. యాంటెన్నా దగ్గరున్న లోహపు వస్తువులు తొలగించడంతో సమస్య పరిష్కారమైంది. ఎవరు పెట్టారో, ఎవరి పని పోయిందో ఆ వాక్యంలో లేదు. క్లయింటు పొద్దున్నే వచ్చాడు. లాప్‌టాప్ చేతిలో పట్టుకుని హాలు చుట్టూ తిరిగి చూశాడు, బాగుందన్నాడు. సాయంత్రం మేనేజరు అందరినీ పిలిచి నా పట్టుదల గురించి మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మా ఆవిడకి మాత్రం చెప్పాను. ఒక పొద్దున్న తను క్యారేజీ కడుతుంటే, ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తను గిన్నెలో కూర పెడుతూ విని, “మరి ఆవిడకి చెప్పారా?” అంది.

“చెబుతాను.”

“ఎక్కడుంటుందో తెలుసా?”

తెలియదు. కాంట్రాక్టర్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. ఆ మాట కూడా తనే అంది. నేను విసుక్కున్నాను. “ఆఫీసు విషయాలు నీకు చెప్పడమే నా తప్పు,” అన్నాను. ఆ తర్వాత తను రోజూ క్యారేజీ చేతికిస్తూ ఒకసారి నా మొహంలోకి చూసేది. ఆ చూపు భరించలేక, ఇక ఆఫీసు దగ్గరే హోటల్లో తింటాను, వండొద్దని చెప్పేశాను. అలా ఒక నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. వాయిదా వేస్తూ పోతే ఒకరోజు అసలు గుర్తే లేకుండా పోతుందని నా ఆశ. ఆ ఆశ ఉండేదని రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆమెకి పని తిరిగి దొరికిందా అని అడిగేవాళ్లకి ఇక్కడే చెప్పేస్తాను. దొరకలేదు. ఆమెని మళ్లీ చూసిన మర్నాడు నేను అడ్మిన్ ఆఫీసరుకి మూడు మాటలూ చెప్పాను, అబద్ధంతో సహా. ఆయన “గీ మాట గప్పుడే చెప్తే అయిపోతుండె గద సార్,” అన్నాడు. అప్పటికి కాంట్రాక్టర్ మారిపోయాడు. కొత్తవాడితో మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు కూడా. వారం తర్వాత వాడు సరేనన్నాడు. నేను ఆమె పనిచేస్తున్న చోటికి పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆమె ఉన్న కూలీల ముఠా అక్కడ పని ముగించి వెళ్లిపోయింది. బాచుపల్లి వైపని ఒకరు, బాలానగర్ అని ఇంకొకరు చెప్పారు. రెండు చోట్లకీ వెళ్లాను. దొరకలేదు.

ఇక ఆమెని చూసిన రోజు సంగతి. చలికాలం, సాయంత్రం నాలుగైంది. మా భవనానికి ఎదురుగా ఇంకో భవనం లేస్తోంది. దాని పక్కన టీ బండి ఉంటే, టీ తాగుదామని వెళ్లాను. ఇసుక కుప్ప పక్కనుంచి ఎవరో పిలిచారు.

“సార్! బాగున్నరా?”

ఆమే. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంది, చేతులు మోచేతుల దాకా సిమెంటు. నన్ను చూసి నిజంగా సంతోషపడింది. “టీ మంచిగ ఇస్తున్నరా సార్ ఇప్పుడొచ్చినోళ్లు?” అని అడిగింది. ఏదో గొణిగాను.

“నా మీద ఎవరో జెప్పిన్రంట సార్, పెట్టెను ఖరాబ్ చేస్తున్ననని. నేను ముట్టలేదు, మీకెరుక. కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కు మీ గురించే జెప్పిన. గా సార్‌ను అడుగుండ్రి, నేను ఎసొంటిదాన్నో ఆయన జెప్తడు అంటి. మిమ్ములను అడిగిండా సార్?”

“లేదు,” అన్నాను. నన్ను ఎవరూ అడగలేదు, ఆ మాట నిజం.

“గట్లనే ఉంటరు వాళ్లు. మీరన్న జర ఒక మాట జెప్పుండ్రి సార్. ఈ బరువులతోని రాత్రి నడుము వంగుతలేదు.”

అక్కణ్ణుంచి వెళ్లిపోవచ్చు. చెబుతానని తలూపి, టీ డబ్బులిచ్చి, రోడ్డు దాటితే సరిపోయేది. నా కాళ్లు అటే లాగాయి. కానీ ఆమె నన్నే తనకి సాక్షిగా చూపించిందన్న మాట విన్నాక అడుగు పడలేదు.

“చెప్పింది నేనేనమ్మా,” అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. నువ్వు ముట్టుకున్నావని అనుకున్నాను, వినట్లేదని అబద్ధం చెప్పాను, పెట్టెకి అడ్డం వచ్చింది క్యారేజీలు, అవి అక్కడ పెట్టమన్నది కూడా నేనే, నీ తప్పు ఇంతైనా లేదు. అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, ఎన్ని తిట్లకైనా సిద్ధపడి ఉన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “క్యారేజీలని ఎప్పుడు ఎరుకైంది సార్?” అని అడిగింది.

“నువ్వు వెళ్లిన పది రోజులకి.”

“పది దినాలకా?”

“అవును.”

ఆమె ఇసుక వైపు చూసింది. తర్వాత, కోపం లేని గొంతుతో, “గప్పుడు నేను ఇంటికాడనే ఉన్న సార్,” అంది. “తప్పు లేదని తెలుస్తది, పిలుస్తరు అనుకొని నెల దాక యాడ గూడ పనికి పోలే.”

పైనుంచి మేస్త్రీ సిమెంటు మాలు కోసం కేకేశాడు. ఆమెకి గమేలా, ఆ ఇనప తట్ట, తలకెత్తే ఇంకో ఆవిడ నీళ్లకి వెళ్లింది, చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె గుడ్డని చుట్టగా చుట్టి తలమీద పెట్టుకుని, నిండిన గమేలా పక్కన వంగి కూర్చుంది. ఒకసారి అటూ ఇటూ చూసి, తర్వాత నావైపు చూసింది.

“జర ఎత్తుండ్రి సార్.”

టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో గమేలా ఎత్తాను. అది అంత బరువుంటుందని నాకు తెలియదు. ఆమె తలమీద పెట్టాను. “ఇంకొంచెం ముందుకు,” అంది. సర్దాను. ఒక చెయ్యి గమేలా మీద, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఆమె మెల్లగా లేచి మెట్లెక్కింది.